మెహర్ కాగితం

(ఒక చదువు కేంద్రంలో ఒక అక్క చేసిన ప్రసంగం ఇది. ఆమె మాటల్లోనే ఇస్తున్నాం. ఒకేసారి అంతా చదవనక్కర లేదు. రోజుకు కొంచెం చదవండి. పక్కవారికి చదివి వినిపించండి.)

అక్కలారా, చెల్లెళ్లారా, పెద్దమ్మలారా! 

నన్ను మాట్లాడమన్నారు. నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాదు. మీలాగే రాత్రి బడిలో అక్షరాలు దిద్దినదాన్ని. మాది నెల్లూరు జిల్లా. 1991లో మా ఊళ్లో రాత్రి బడి పెట్టారు. అప్పటికి నాకు ఇద్దరు పిల్లలు. చంటివాణ్ణి ఒళ్లో పెట్టుకుని పలక పట్టాను.

ఈ రోజు మీకు ఒక కాగితం గురించి చెబుతాను. అది మా ముస్లింల పెళ్లి కాగితం. దాన్ని నిఖానామా అంటారు. మీలో బొట్టు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. దుప్పట్టా కప్పుకున్నవాళ్లు ఉన్నారు. "ముస్లింల కాగితంతో మాకేం పని?" అని కొందరు అనుకోవచ్చు. కొంచెం ఓపికగా వినండి. కాగితం వేరు కావచ్చు. దానిమీద వేలిముద్ర వేసిన ఆడది మాత్రం మనమే.

నేను వేసిన నిశానీ

మేము నూర్‌బాషాలం. ఊళ్లో దూదేకులవాళ్లు అంటారు. మా నాయన దూది ఏకేవాడు, పరుపులు కుట్టేవాడు. మా ఇంట్లో మాట తెలుగు. నమాజు అరబీలో. పట్నం బంధువుల ఇంటికి పోతే, "మీకు ఉర్దూ రాదు, మీరేం ముస్లింలు?" అనేవాళ్లు. బజారుకు పోతే, "మీరు సాయిబులు గదా, తెలుగు ఇంత బాగా మాట్లాడతారే!" అనేవాళ్లు. రెండు మాటలూ ముల్లులాగే గుచ్చుకునేవి. మాకు దీన్ ఉంది. అంటే మా మతం, మా ధర్మం. మాకు తెలుగూ ఉంది. రెండూ మావే. ఈ మాట గట్టిగా చెప్పడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

నా నిఖా 1982లో అయింది. నాకప్పుడు పదిహేడేళ్లు. మగవాళ్లు పందిట్లో కూర్చున్నారు. నేను లోపలి గదిలో ఉన్నాను. మా పద్ధతిలో వకీలు అని ఒక పెద్దమనిషి ఉంటాడు. ఆయన ఇద్దరు సాక్షులతో పెళ్లికూతురి దగ్గరికి వస్తాడు. "ఫలానావారి అబ్బాయితో, ఇంత మెహర్‌తో నిఖా చేస్తున్నాం. నీకు ఇష్టమేనా?" అని అడుగుతాడు. అమ్మాయి ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే నిఖా లేదు. అది దీన్‌లోని మాట.

నన్నూ అడిగారు. నాకు ఉర్దూ అర్థం కాలేదు. మా మేనత్త నా తల పట్టుకుని కిందికి వంచింది. "ఒప్పుకుంది" అన్నారు. ఒక పుస్తకం తెచ్చి నా బొటనవేలికి సిరా పూశారు. నిశానీ వేశాను. మెహర్ ఎంత రాశారో నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అడగవచ్చని కూడా తెలియదు.

తొమ్మిదేళ్ల తర్వాత చదువు వచ్చింది. అప్పుడు తెలుసుకున్నాను. నా మెహర్ 501 రూపాయలు. మా నాయన ఇచ్చిన జోడా డబ్బులు 5,000. అంటే మగపెళ్లివారికి ఇచ్చే కట్నం. సైకిలు, రేడియో వేరే.

మీరే చెప్పండి. దీన్ ఇమ్మన్నది 501. దీన్ ఎక్కడా అడగనిది 5,000. ఇదెక్కడి లెక్క?

మెహర్ అంటే ఏమిటి?

మెహర్ అంటే కట్నం కాదు. కన్యాశుల్కం అసలే కాదు. పెళ్లిలో మగవాడు ఆడమనిషికి ఇవ్వవలసిన సొమ్ము మెహర్. అది ఆమె తండ్రికి చెందదు. అన్నకు చెందదు. ఆమెకే చెందుతుంది. దాన్ని ఆమె దాచుకోవచ్చు, ఖర్చు పెట్టుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వవచ్చు. ఖురాన్‌లో ఆడవాళ్ల పేరుమీదే ఒక సూరా ఉంది. దాని పేరు నిసా. నిసా అంటే స్త్రీలు. ఆడవాళ్ల మెహర్‌ను మంచి మనసుతో వాళ్లకు ఇచ్చెయ్యాలని ఆ సూరా మొదట్లోనే ఉంది.

మెహర్ ఎక్కువే ఉండాలని లేదు. ప్రవక్త కాలంలో ఒక పేదవాడు పెళ్లి చేసుకోవాలనుకున్నాడట. అతని దగ్గర ఇనుప ఉంగరం కూడా లేదు. అతనికి వచ్చిన ఖురాన్ భాగాలను ఆమెకు నేర్పడమే మెహర్‌గా పెట్టి ప్రవక్త ఆ పెళ్లి చేశారు. ఈ సంగతి హదీసులో ఉంది. అంటే మెహర్ చిన్నదైనా సరే, నిజంగా ఇవ్వాలి. ఉత్త కాగితం మీద రాసి మరిచిపోవడం మెహర్ కాదు.

మెహర్ రెండు రకాలు. నిఖా అప్పుడు గానీ, ఆమె అడిగినప్పుడు గానీ ఇవ్వవలసింది ఒకటి. దాన్ని ముఅజ్జల్ అంటారు. తర్వాత ఇవ్వవలసింది రెండోది. దాన్ని మువజ్జల్ అంటారు. సాధారణంగా భర్త చనిపోయినప్పుడో, తలాక్ అయినప్పుడో అది ఇవ్వాలి.

ఈ రెండు మాటలూ బోర్డు మీద రాస్తున్నాను. చూడండి.

ముఅజ్జల్.

మువజ్జల్.

తేడా ఎక్కడుంది? ఒక్క అక్షరంలో ఉంది. "అ" ఉంటే సొమ్ము ఇప్పుడు చేతికి వస్తుంది. "వ" ఉంటే ఎప్పుడో వస్తుంది. ఒక్క అక్షరం విలువ ఎంతో తెలిసిందా? అందుకే చదువు కావాలనేది.

మా అక్క కథ

ఇప్పుడు మా పెద్దక్క సంగతి చెబుతాను. ఇది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది.

మా అక్క పెళ్లి 1975లో అయింది. మెహర్ 2,000 రూపాయలు రాశారు. తర్వాత ఇచ్చే మెహర్. బావ మంచివాడు. పరుపుల అంగడి పెట్టాడు. సొంత డబ్బుతో చిన్న ఇల్లు కొన్నాడు. ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. 1996లో బావ జ్వరంతో చనిపోయాడు.

శవం ఇంట్లో ఉంది. అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడుపు కూడా రావడం లేదు. అప్పుడు నలుగురు ఆడవాళ్లు ఆమె చుట్టూ చేరారు. "మెహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా. లేకపోతే ఆయనకు అక్కడ శాంతి ఉండదు. చెప్పు, చెప్పు" అన్నారు. మాఫ్ చేయడం అంటే వదిలేయడం. అక్క శవం వైపు చూసి, "మాఫ్ చేశాను" అంది. అంతే. ఇరవై ఒక్క ఏళ్ల బాకీ ఒక్క మాటతో పోయింది.

భర్త పోయిన ఆడమనిషి మా దీన్‌లో నాలుగు నెలల పది రోజులు ఇద్దత్‌లో ఉండాలి. ఆ రోజుల్లో మళ్లీ పెళ్లి ప్రస్తావన ఉండదు. అక్క ఇద్దత్‌లో ఉంది. బయట ఆమె మరుదులు ఇల్లు బేరం పెట్టారు. ఇద్దత్ అయ్యేసరికి ఇల్లు అమ్మేశారు. "ఆడమనిషివి, నీకెందుకు? పుట్టింటికి పో. పిల్లల్ని మేం చూస్తాం" అన్నారు. చూడలేదు. అక్క పిల్లల్ని తీసుకుని మా నాయన ఇంటికి వచ్చింది. పరుపులకు కుట్లు వేసి పిల్లల్ని సాకింది.

ఒక రోజు అక్క పెట్టె సర్దుతున్నాను. అడుగున ఒక కాగితం కనిపించింది. ఆమె నిఖానామా. ఉర్దూలో ఉంది. నాకు తెలుగు వచ్చు గానీ ఉర్దూ రాదు. మసీదు హజరత్ గారి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ముసలాయన, మంచి మనిషి. కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. చదివి కాసేపు మాట్లాడలేదు.

"అమ్మా, మెహర్ అంటే భర్త మీద ఉన్న అప్పు. చనిపోయినవాడి ఆస్తి పంచేముందు అప్పులు తీర్చాలి. ఇది ఖురాన్ మాట. ముందు ఈ 2,000 మీ అక్కకు ఇవ్వాలి. ఆ తర్వాతే పంపకం" అన్నారు.

"అక్క మాఫ్ చేసింది గదా?" అన్నాను.

"మెహర్ మాఫ్ చేయవచ్చు. కానీ అది ఆమె ఇష్టంతో, మంచి మనసుతో చేయాలి. శవం పక్కన కూర్చోబెట్టి చెప్పిస్తే అది మాఫీ ఎలా అవుతుంది?" అన్నారు.

తర్వాత ఒక లాయరమ్మను అడిగాను. ఆమె కూడా ఇదే చెప్పింది. దుఃఖంలో మతి చెదిరిన వితంతువు చేత చెప్పించిన మాఫీ చెల్లదని కోర్టులు కూడా చెప్పాయట. అయితే ఒక గడువు ఉంది. భర్త పోయినా, తలాక్ అయినా, బాకీ మెహర్ కోసం మూడేళ్లలోపే దావా వేయాలి. ఈ మాట గుర్తు పెట్టుకోండి. మూడేళ్లు.

మసీదు పెద్దలు కూర్చున్నారు. మరుదులను పిలిపించారు. వాళ్లు గొణుక్కుంటూ 2,000 ఇచ్చారు. కానీ 1975లో 2,000 పెడితే నాలుగు సవర్ల బంగారం వచ్చేది. 1996లో ఆ డబ్బుకు అర సవర కూడా కష్టం. రూపాయి కరిగిపోయింది. అందుకే మెహర్ బంగారంగా రాయించుకోమని నేను చెబుతుంటాను.

ఎవరి వాటా ఎంత?

ఇల్లు మాత్రం తిరిగి రాలేదు. నిజానికి ఆ ఇంట్లో మరుదులకు హక్కే లేదు. మా చట్టం ప్రకారం, చనిపోయినవాడికి కొడుకు ఉంటే అన్నదమ్ములకు వాటా రాదు. పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు వస్తుంది. పిల్లలు లేకపోతే నాలుగో వంతు. తల్లిదండ్రులు బతికి ఉంటే వాళ్లకూ వాటా ఉంటుంది. మా బావ తల్లిదండ్రులు అప్పటికే పోయారు. మిగిలిందంతా పిల్లలది. కొడుకుకు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు.

లెక్క వేద్దాం. పలకలు తీయండి. ఆ ఇల్లు 32,000కు అమ్మారు.

ఎనిమిదో వంతు ఎంత? 4,000. అది అక్కది.

మిగిలింది 28,000. కొడుకుకు రెండు పాళ్లు, ఇద్దరు కూతుళ్లకు రెండు పాళ్లు. మొత్తం నాలుగు పాళ్లు. ఒక్కో పాలు 7,000.

కొడుకుకు 14,000. ఒక్కో కూతురికి 7,000.

మరుదులకు ఎంత? సున్నా.

ఈ లెక్క మనం ఇప్పుడు రెండు నిమిషాల్లో వేశాం. ఆ రోజు మా ఇంట్లో ఒక్కరికి వచ్చి ఉంటే అక్క ఇల్లు నిలబడేది. ఆ ఒక్కరు నేనే కావలసింది. నాకు అప్పటికి చదువు వచ్చు. అయినా కాగితం తీసి చూడాలని తోచలేదు. ఆ తప్పు నాది కూడా.

"కూతురికి సగమేనా?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. నేనూ హజరత్ గారిని అడిగాను. "ఇంటి ఖర్చు బరువు మగవాడి మీద పెట్టారమ్మా. ఆడమనిషి సొమ్ము ఆమెదే, దాన్ని ఇంటికి ఖర్చు పెట్టనక్కర లేదు" అన్నారు. ఈ జవాబు అందరికీ నచ్చుతుందని చెప్పను. ఇప్పుడు మన ఆడవాళ్లు కూడా సంపాదించి ఇల్లు నడుపుతున్నారు. అయితే ఒక దారి ఉంది. తల్లిదండ్రులు బతికి ఉండగానే కూతురికి కానుకగా ఆస్తి ఇవ్వవచ్చు. దాన్ని హిబా అంటారు. ఇచ్చి, స్వాధీనం కూడా చేయాలి. నేను నా కూతురికి అలాగే ఇచ్చాను. అయినా ముందు ఒక మాట. సగం సంగతి తర్వాత. ఆ సగమైనా మన ఇళ్లలో ఎంతమంది కూతుళ్లకు ఇస్తున్నాం?

చదువమన్న దీన్

హజరత్ గారు ఆ రోజు నాకు చాలా సంగతులు చెప్పారు. అవి మీకూ చెప్పాలి.

మక్కా దగ్గర హిరా అనే గుహ ఉంది. సుమారు 610వ సంవత్సరంలో ప్రవక్త ముహమ్మద్ వారికి అక్కడ మొదటి వాక్కు వచ్చింది. ఆ మొదటి మాట ఇఖ్రా. ఇఖ్రా అంటే చదువు. ప్రవక్తకు చదవడం, రాయడం రాదని మా పెద్దలు చెబుతారు. అటువంటి మనిషికి వచ్చిన మొదటి మాట "చదువు"! రాత్రి బడికి పోతుంటే నన్ను ఎగతాళి చేసినవాళ్లు ఉన్నారు. ఈ మాట తెలిశాక నేను తల ఎత్తుకుని పోయాను.

ప్రవక్త మొదటి భార్య ఖదీజా బీబీ వ్యాపారం చేసేవారు. ఆమే ముందుగా ప్రవక్తకు పెళ్లి మాట పంపించారు. ఇంకో భార్య హఫ్సా బీబీకి షిఫా అనే ఆమె రాత నేర్పారు. ఆ కాలంలోనే ఆడవాళ్లు ఆడవాళ్లకు చదువు చెప్పారు. మనం ఇక్కడ చేస్తున్న పని కొత్తది కాదు.

ఇంకో సంగతి. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన వాక్యం దేని గురించో తెలుసా? నమాజు గురించి కాదు. రోజా గురించి కాదు. అప్పు కాగితం గురించి. అప్పు చిన్నదైనా పెద్దదైనా, గడువుతో రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని అందులో ఉంది.

ఖలీఫా ఉమర్ గారి కథ కూడా చెప్పారు. మెహర్ ఇంతకు మించకూడదని ఆయన ఒక హద్దు పెట్టబోయారట. సభలో ఒక ఆడమనిషి లేచి, ఖురాన్‌లో హద్దు లేదు గదా, మీరెట్లా పెడతారని అడిగిందట. ఆయన తన తప్పు ఒప్పుకున్నారట. పెద్దలు చెప్పుకునే కథ ఇది. ఆమెకు ఆ వాక్యం తెలుసు. అందుకే లేచి నిలబడగలిగింది.

"నాకు అరబీ రాదు, నేనెట్లా తెలుసుకోను?" అన్నాను. "తెలుగులో చదువమ్మా" అన్నారు. చిలుకూరి నారాయణరావు గారు అనే పండితుడు దాదాపు నూరేళ్ల కిందటే ఖురాన్‌ను తెలుగు చేశారు. ఆయన హిందువు. తర్వాత ముస్లింలు కూడా తెలుగు అనువాదాలు చేశారు. నేను కూడబలుక్కుంటూ చదివాను. నాకు తెలిసిన భాషలో చదివాక, దీన్ నా ఇంట్లోకి వచ్చినట్టు అనిపించింది. అంతకుముందు వాకిట్లోనే ఉండేది.

మా అమ్మాయి నిఖా

2008లో మా అమ్మాయి పెళ్లి కుదిరింది. అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. "నిఖానామా తెలుగులో కూడా రాయాలి. అమ్మాయి చదివి సంతకం చేస్తుంది."

గోల మొదలైంది. "ఆడవాళ్లు పెళ్లి కాగితం చదవడం ఏమిటి?" అన్నారు. అబ్బాయి మేనమామ లేచాడు. "మా మీద మీకు నమ్మకం లేదా? అయితే ఈ సంబంధం ఎందుకు?" అన్నాడు. మా ఆయన నా వైపు గుర్రుగా చూశాడు. నా కాళ్లు వణికాయి. సంబంధం చెడిపోతే ఊళ్లో తల ఎత్తుకోలేం. పిల్లకు మళ్లీ సంబంధం ఎట్లా?

అక్క నా పక్కనే ఉంది. నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు అన్నాను. "అన్నా, నమ్మకం లేక కాదు. చిన్న అప్పయినా రాసుకోమని అల్లా చెప్పాడు. మెహర్ అప్పే గదా? రాసింది చదువుకుంటే తప్పేంటి?"

ఎవరూ పలకలేదు. హజరత్ గారు గొంతు సవరించుకుని, "ఈమె అడిగింది దీన్‌లో ఉన్నదే" అన్నారు. అబ్బాయి తలవంచుకుని, "నాకు అభ్యంతరం లేదు" అన్నాడు. నిఖా జరిగింది. వకీలు తెలుగులోనే అడిగాడు. మా అమ్మాయి కాగితం చదివింది. "ఒప్పుకుంటున్నాను" అని అందరికీ వినిపించేట్టు చెప్పింది. మెహర్ రెండు సవర్ల బంగారం. ఒక సవర అప్పుడే చేతికి. ఒక సవర తర్వాత.

మీరు చప్పట్లు కొడుతున్నారు. ఆగండి. నేను ఒక నిజం చెప్పాలి. ఆ పెళ్లిలో నేను కూడా జోడా డబ్బులు ఇచ్చాను. 40,000. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని ఇచ్చాను. మెహర్ అడగడానికి ధైర్యం వచ్చింది. కట్నం ఇవ్వనని చెప్పడానికి ధైర్యం రాలేదు.

అబ్బాయి పెళ్లి

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. 2014లో మా అబ్బాయి పెళ్లి. వాడు ఆటో నడుపుతాడు. అమ్మాయివాళ్లు రెండు లక్షలు, మోటారు సైకిలు ఇస్తామన్నారు. మా ఇంటికి కప్పు రేకులది. వానకు కారుతుంది. రెండు లక్షలు వస్తే శ్లాబు వేసుకోవచ్చు. మా ఆయన అన్నాడు, "మనం ఇచ్చాం గదా. ఇప్పుడు తీసుకుంటే తప్పేంటి?" నాకూ నిజమే అనిపించింది. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

మా అమ్మాయి పుట్టింటికి వచ్చింది. ఒకే మాట అడిగింది. "అమ్మా, నా పెళ్లిలో దీన్ మాట చెప్పావు. ఇప్పుడు ఆ మాట ఏమైంది?"

జవాబు లేదు. అమ్మాయి తల్లిగా హక్కు అడగడం తేలిక. అబ్బాయి తల్లిగా ఆ హక్కు ఇవ్వడం కష్టం. కానీ ధర్మం ఒక్కటే గదా. మనకు రావలసినప్పుడు ఒకటి, మనం ఇవ్వవలసినప్పుడు ఇంకొకటి ఉండదు.

డబ్బులు వద్దన్నాం. కోడలికి రెండు సవర్ల మెహర్ నిఖా రోజునే చేతిలో పెట్టాం. వలీమా విందు మేమే పెట్టాం. అది మగపెళ్లివారు పెట్టవలసిన విందే. కొందరు నవ్వారు. "అబ్బాయిలో ఏదో లోపం ఉందేమో, ఊరికే చేసుకుంటున్నారు" అన్నారు. శ్లాబు వేయడానికి ఇంకో నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లు వానొస్తే గిన్నెలు పెట్టుకున్నాం. నా కోడలు కూడా గిన్నెలు పెట్టింది. మామగారి ఇంటి డబ్బు లెక్క ఆమెను ఎవరూ అడగలేదు. అది చాలు నాకు.

చట్టం ఏం చెబుతుంది?

కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమని 1961లో చట్టం వచ్చింది. అన్ని మతాలవాళ్లకూ అది వర్తిస్తుంది. అయితే మెహర్ కట్నం కాదని ఆ చట్టమే చెబుతుంది.

ఒకేసారి మూడుసార్లు తలాక్ చెప్పి భార్యను వదిలేయడం చెల్లదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో చట్టం వచ్చింది. నోటితో చెప్పినా, ఉత్తరం రాసినా, ఫోనులో పంపినా చెల్లదు. అలా చెప్పినవాడికి మూడేళ్ల దాకా జైలు పడవచ్చు.

తలాక్ అయిన ముస్లిం స్త్రీ కూడా మిగతా ఆడవాళ్లలాగే మనోవర్తి అడగవచ్చని 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు తెలంగాణ నుంచి వెళ్లిందే.

మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో పెళ్లిళ్ల నమోదు చట్టం చేశారు. ఏ మతంవారి పెళ్లి అయినా నమోదు చేయించాలి. ఖాజీ గారి కాగితం దాచుకోండి. నమోదు కూడా చేయించండి.

కాగితంలో ఏం చూడాలి?

నిఖానామా మీద సంతకం చేసేముందు ఇవి చూడండి.

1. అమ్మాయి పేరు, అబ్బాయి పేరు, వయసు సరిగా ఉన్నాయా?

2. అబ్బాయికి ఇదివరకే పెళ్లి అయిందా? రాశారా?

3. మెహర్ ఎంత? అంకెల్లోనూ, అక్షరాల్లోనూ రాశారా?

4. ముఅజ్జలా, మువజ్జలా? ఏది ఎంత?

5. వకీలు, సాక్షుల పేర్లు, సంతకాలు ఉన్నాయా?

6. అమ్మాయి తనే చదివి సంతకం చేసిందా?

7. ఒక నకలు అమ్మాయి చేతికి ఇచ్చారా?

కాగితం మీకు రాని భాషలో ఉంటే సిగ్గుపడకండి. చదివి చెప్పమనండి. తెలుగులో రాసి ఇమ్మనండి. నమ్మకమైనవాళ్లు ఇంకొకరిచేత కూడా చదివించుకోండి.

హిందూ, క్రైస్తవ అక్కచెల్లెళ్లారా! మీ పెట్టెల్లో కూడా కాగితాలు ఉంటాయి. ఇంటి పట్టా, అప్పు నోటు, పొదుపు పుస్తకం, బీమా కాగితం. ఇంటికి పోయి ఈ రాత్రే పెట్టె తీయండి. ఒక్కొక్కటి చదవండి.

మా అక్క పోయి మూడేళ్లయింది. చివరి రోజుల్లో తన సంతకం నేర్పమని నన్ను అడిగింది. డెబ్బై ఏళ్లకు దగ్గరపడిన మనిషి. చెయ్యి వణికేది. నెల రోజులు దిద్దింది. ఒకరోజు తన నిఖానామా తెమ్మంది. వెనకవైపు ఖాళీ ఉంది. అక్కడ తన పేరు రాసుకుంది. దానివల్ల ఇల్లు తిరిగి రాలేదు. ఏమీ రాలేదు. "ఇప్పుడు ఈ కాగితం నాది" అంది.

ఆ కాగితం నా దగ్గర ఉంది. ఈ రోజు మీకు చూపిద్దామని తెచ్చాను. ఇదిగో, చేతులు మార్చుకుంటూ చూడండి. ముందువైపు సిరా మరక ఉంది. వెనకవైపు పేరు ఉంది.

మీ కూతురి కాగితం మీద ముందువైపే పేరు ఉండాలి. సెలవు. ఖుదా హాఫిజ్.

మాట్లాడుకుందాం

1. మెహర్‌కూ కట్నానికీ తేడా ఏమిటి?

2. మీ ఇంట్లో మీరు చదవకుండా వేలిముద్ర వేసిన కాగితం ఉందా? అది ఏమిటి?

3. ఇల్లు 48,000కు అమ్మారు. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. అప్పులు లేవు. చనిపోయినవాడి తల్లిదండ్రులు లేరు. ముస్లిం చట్టం ప్రకారం ఎవరికి ఎంత వస్తుంది? లెక్క వేయండి.

4. అబ్బాయి పెళ్లిలో ఆ అక్క డబ్బులు వద్దంది. మీరైతే ఏం చేసేవారు? నిజం చెప్పండి.